తెరుచుకోవడం నేర్చుకున్న పాలిమర్ సంచి

ఎంజైములు, యాంటీబాడీలు, డీఎన్ఏ, ఆర్ఎన్ఏ చాలా పెద్ద అణువులు. మందుగా మింగితే దాదాపుగా జీర్ణమైపోతాయి. రక్తంలోకి ఎక్కిస్తే ఆర్ఎన్ఏ లాంటివి నిమిషాల్లోనే ముక్కలవుతాయి. ఎలాగో కణం దాకా చేరినా, దాని పొర దాటి లోపలికి వెళ్లడం కష్టం. వీటిని మూటగట్టి పంపాలన్న ఆలోచన అందుకే వచ్చింది.

ఆ మూటకు నమూనా కణం పొరే. 1960ల మొదట్లో ఇంగ్లండ్‌లోని బాబ్రహాంలో అలెక్ బాంగమ్, హార్న్ కలిసి కణం పొరలో ఉండే ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వులను నీటిలో కలిపి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. ఆ కొవ్వులు వాటంతటవే పొరలు పొరలుగా గుండ్రంగా మూసుకున్నాయి. అవే లైపోజోములు. 1971లో గ్రెగోరియాడిస్ బృందం వాటిలో ఎంజైమును నింపి చూపించింది. కానీ ఆ గోడ మందం 3 నుంచి 5 నానోమీటర్లే. త్వరగా చిరుగుతుంది, సరుకు కారిపోతుంది.

1999లో డెన్నిస్ డిషర్, డేనియల్ హామర్ తదితరులు కొవ్వుల బదులు పాలిమర్ (చిన్న అణువులు వరుసగా అతుక్కున్న పొడవాటి గొలుసు) వాడారు. ఒక కొస నీటిని ఇష్టపడే, రెండో కొస నీటికి దూరంగా జరిగే గొలుసులవి. అలా తయారైన సంచిని సన్నని గాజు గొట్టంతో లోపలికి పీలుస్తూ ఎంత సాగితే తెగుతుందో కొలిచారు. గోడ మందం 8 నానోమీటర్ల దాకా ఉంది. లిపిడ్ (కొవ్వు) గోడ కంటే ఎన్నో రెట్లు గట్టిది, నీరు దాటడమూ బాగా తక్కువే. దానికి పాలిమరోజోమ్ అని పేరు పెట్టారు.

అసలు కథ ఇక్కడే మలుపు తిరిగిందని నా అభిప్రాయం. అంత గట్టి గోడ సరుకును బయటికి వదలదు కదా! స్విట్జర్లాండ్‌లో వోల్ఫ్‌గాంగ్ మయర్ బృందం బ్యాక్టీరియా ప్రోటీన్ ఒకదాన్ని ఆ గోడలో గుచ్చి కిటికీలా వాడింది. చిన్న అణువులు వచ్చిపోతాయి, లోపలి ఎంజైమ్ మాత్రం బయటికి పోదు. జీవం లేని గోడలో జీవకణపు తలుపు పనిచేయడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

మందు చేరవేయాలంటే కిటికీ చాలదు, సంచే విడిపోవాలి. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో స్టీవ్ ఆర్మ్స్, జుసెప్పే బటాలియా ఆ పని చేసే పాలిమర్‌ను తయారుచేశారు. దాని పైభాగం కణం పొరలోని ఫాస్ఫోరైల్‌కోలిన్ అనే భాగానికి నకలు. రక్తపు పీహెచ్ (ఆమ్లతకు కొలమానం) 7.4 దగ్గర అది చెక్కుచెదరదు. కణం మింగగానే చేరే ఎండోసోమ్ అనే తిత్తిలో ఆమ్లత ఎక్కువ. అక్కడ గొలుసులు ధనావేశం పుంజుకుని ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, గోడ విడివడుతుంది. సరుకు కణద్రవంలోకి జారుకుంటుంది.

2020 నాటి ఎంఆర్ఎన్ఏ టీకాలు మాత్రం లిపిడ్ కణికల్లోనే వెళ్లాయి. పాలిమర్ సంచులకు ఇంకో చిక్కు మిగిలే ఉంది. నీటిలో కలిపిన ప్రోటీన్‌లో, సంచి మూసుకునేటప్పుడు లోపలికి చేరేది చాలాసార్లు కొద్ది భాగమే. మిగతాది బయటే ఉండిపోతుంది.