జూన్‌లో ఖాళీ తేదీ కనిపిస్తే చాలా? పండుగ లైనప్ ఊహాగానాలు: అపోహలు - వాస్తవాలు

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఈ సామెత మా వృత్తిలో ఏటా అక్టోబరు నుంచి మార్చి దాకా వినపడుతూనే ఉంటుంది. ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్‌లో, పిల్టన్ పల్లె దగ్గర వర్తీ ఫార్మ్ అనే పాడి రైతు పొలంలో జూన్ చివర్లో గ్లాస్టన్‌బరీ సంగీత పండుగ జరుగుతుంది. అక్కడ పాడటానికి ఈసారి ఎవరొస్తారన్నది, అంటే లైనప్ ఏమిటన్నది, వేసవి పండుగల అభిమానులకు పెద్ద కాలక్షేపం. 2026లో ఆ పండుగ లేదు, పొలానికి విశ్రాంతి. అంతకుముందు 2006, 2012, 2018లలోనూ ఇలాగే ఆపారు. అయినా పుకార్లకు విశ్రాంతి లేదు, 2027 పేర్లు అప్పుడే మొదలయ్యాయి.

లండన్‌లో బ్యాండ్ల పర్యటనలకు తేదీలు కుదిర్చే ఏజెన్సీలో నా పని. అంటే నేను బ్యాండ్ల పక్షం, పండుగ నిర్వాహకుల పక్షం కాదు. ఇక్కడ చదువుకునే మన పిల్లలు కలిసినప్పుడల్లా "అన్నా, ఫలానా బ్యాండ్ ఖాయమట కదా?" అని అడుగుతారు. పేర్లు చెప్పడం నా ఉద్యోగానికే ముప్పు. కానీ ఏ ఆధారానికి ఎంత విలువో చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అపోహ: పర్యటనలో జూన్ చివరి వారాంతం ఖాళీగా ఉంటే ఆ బ్యాండ్ వస్తున్నట్టే.

అభిమానుల తర్కంలో ముప్పాతిక వంతు దీని మీదే నిలబడుతుంది కాబట్టి నింపాదిగా చూద్దాం. ఒక బ్యాండ్‌కు గురువారం రాత్రి బార్సిలోనాలో కచేరీ ఉంది, తర్వాతిది మంగళవారం కోపెన్‌హాగన్‌లో. మధ్యలో శుక్ర, శని, ఆదివారాలు తెల్లగా కనిపిస్తున్నాయి. ఇంకేం, గ్లాస్టన్‌బరీయే అంటారు.

మేం ముందుగా చూసేది లారీలను. కచేరీ రాత్రి పదకొండుకు ముగిస్తే దీపాలు, తెరలు, స్పీకర్లు విప్పి లారీల్లోకి ఎక్కించేసరికి తెల్లవారుజాము రెండో మూడో అవుతుంది. అక్కడి నుంచి పిల్టన్‌కు సుమారు 1,600 కిలోమీటర్లు, మధ్యలో ఇంగ్లిష్ చానల్ దాటాలి. ఐరోపా నిబంధనల ప్రకారం లారీ డ్రైవరు రోజుకు 9 గంటలకు మించి నడపకూడదు. వారంలో రెండు రోజులు మాత్రం 10 గంటల దాకా నడపవచ్చు. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగి తీరాలి. బ్రెగ్జిట్ తర్వాత సరిహద్దు దగ్గర సామాను జాబితాకు కార్నె కాగితాలు (సుంకం లేకుండా తాత్కాలికంగా దాటించేవి) కూడా చూపించాలి. ఒక్క డ్రైవరుతో లెక్క వేస్తే ఆ లారీలు పిల్టన్ చేరేది ఆదివారమే. అక్కడి నుంచి కోపెన్‌హాగన్‌కు మళ్లీ దాదాపు అంతే దూరం. మంగళవారం కచేరీకి సామాను అందదు. లారీకి ఇద్దరు డ్రైవర్లను పెడితే కుదురుతుంది, ఖర్చు మాత్రం పెరుగుతుంది.

ఇంత చెప్పాక కూడా "అయితే రారన్నమాట" అనుకోవద్దు. పండుగ వేదిక మీద స్పీకర్లు, దీపాలు ఎలాగూ ఉంటాయి. డ్రమ్ములు, యాంప్లిఫైయర్ల వంటి బ్యాక్‌లైన్ లండన్‌లో అద్దెకు దొరుకుతుంది. పెద్ద సామాను నేరుగా కోపెన్‌హాగన్‌కు వెళ్లిపోతే బ్యాండు గిటార్లతో విమానమెక్కి వచ్చేస్తుంది. కొన్ని బ్యాండ్లు పండుగల కోసం చిన్న సెట్టు ఒకటి విడిగా తిప్పుతాయి కూడా. కాబట్టి ఖాళీ తేదీ అటూ చెప్పదు, ఇటూ చెప్పదు. గాయకుడి గొంతుకు విశ్రాంతి, సిబ్బందికి సెలవు, బయటికి చెప్పని ఏదో కంపెనీ వేడుక, ఇంట్లో పెళ్లి, ఇలా ఖాళీకి వంద కారణాలుంటాయి. నేను చూసిన ఖాళీల్లో పెళ్లిళ్ల వాటా తక్కువేమీ కాదు.

చూడవలసింది ఖాళీకి అటూ ఇటూ ఉన్న పేర్లను. డెన్మార్క్‌లో రోస్కిల్డె, బెల్జియంలో రాక్ వెర్క్టర్, పోలండ్‌లో ఓపెనర్, ఇవన్నీ గ్లాస్టన్‌బరీకి కొంచెం అటూ ఇటూగా జరిగే పండుగలు. ఒక బ్యాండ్ వీటిలో రెండిటికి ఇప్పటికే ఒప్పుకుని ఉంటే ఆ వేసవి వాళ్లు పండుగల దారిలో ఉన్నట్టు. వాళ్ల పేరు మీద పుకారు వస్తే నేను కొట్టిపారేయను. సొంత అరీనా (పెద్ద ఇండోర్ స్టేడియం) కచేరీల మధ్య వచ్చిన ఖాళీకి అంత బలం లేదు.

(మన దేశంలో ఈ లెక్క వేరు. పాశ్చాత్య బ్యాండు ఒక్క ముంబయి కచేరీ కోసం బయలుదేరడం అరుదు. దుబాయ్, సింగపూర్, జపాన్, ఆస్ట్రేలియా వంటివి కొన్ని కలిస్తేనే ఖర్చులు గిట్టుబాటవుతాయి. పైగా మనకు వేసవిలో మైదానం కచేరీ అంటే ఎండదెబ్బే. అందుకే లొల్లపలూజా ఇండియాను ముంబయిలో ఎండలు ముదరకముందే పెడుతున్నారు. మన దేశానికి ఎవరొస్తారో ఊహించాలంటే ముందు ఆసియా పటం పరుచుకోవాలి.)

అపోహ: లోపలి మనిషి చెప్పాడంటే నిజమే, నిప్పు లేనిదే పొగ రాదు.

చాలాసార్లు నిప్పు నిజంగానే ఉంటుంది. దాని మీద ఎవరూ ఎసరు పెట్టి ఉండరు, అంతే.

పర్యటన దారి రాసుకునే మా రౌటింగ్ షీట్‌లో ప్రతి తేదీ పక్కన ఊరు, వేదిక, ఆ పక్కన ఒక చిన్న అంకె ఉంటాయి. ఆ అంకె హోల్డ్ వరుస. వేదికలో ఒక తేదీని మేం డబ్బు కట్టకుండానే మా బ్యాండ్ పేరు మీద పట్టి ఉంచమంటాం. అదే తేదీ మీద మరో ఏజెంటు రెండో హోల్డ్, ఇంకొకరు మూడో హోల్డ్ పెట్టుకోవచ్చు. రెండో హోల్డ్ వాళ్లు డబ్బుతో సిద్ధమైతే మొదటివాళ్లకు కబురొస్తుంది: ఒకటి రెండు రోజుల్లో ఖాయం చేసుకోండి, లేదా వదిలేయండి. పర్యటన రూపు దిద్దుకునేలోగా మేం పట్టి వదిలేసిన తేదీలు ఖాయం చేసుకున్నవాటికి ఎన్నో రెట్లు ఉంటాయి. ఒకే వారానికి మూడు దేశాల్లో మూడు దారులు పట్టి ఉంచడం మాకు రోజువారీ పని.

ఇప్పుడు వేదిక ఉద్యోగి ఒకాయన ఆ పేరు చూసి స్నేహితుడి చెవిన వేస్తాడు. ఆయన అబద్ధమాడలేదు, పేరు నిజంగానే అక్కడుంది. మూడు వారాల తర్వాత మేం ఆ తేదీ వదిలేస్తాం, అప్పుడు ఎవరూ ఎవరి చెవినా వేయరు. పండుగ ఆఫర్లూ అంతే. ఆఫర్ పంపారన్న వార్త నిజమై, ఒప్పుకున్నారన్న వార్త అబద్ధం కావచ్చు. ఎవరైనా లోపలి సమాచారం తెస్తే నేనడిగే ప్రశ్న ఒకటే: హోల్డా, ఆఫరా, సంతకమా? "అంత వివరం తెలియదు" అంటే అది హోల్డే అనుకోండి.

అపోహ: లండన్‌లో సొంత కచేరీ పెట్టుకున్నారు కాబట్టి గ్లాస్టన్‌బరీకి రారు.

2025 వేసవిలో ఒలివియా రోడ్రిగో జూన్ 27న లండన్ హైడ్ పార్క్‌లో పాడింది, రెండు రోజుల తర్వాత 29న గ్లాస్టన్‌బరీ ఆదివారం ముగింపు కూడా ఆమెదే. అదే ఏడాది గ్లాస్టన్‌బరీ శనివారం హెడ్‌లైనర్ (ఆ రోజు చివర్లో పాడే ప్రధాన కళాకారుడు) నీల్ యంగ్ జూలై 11న హైడ్ పార్క్‌లో పాడాడు. హైడ్ పార్క్ పోస్టరు చూసి రోడ్రిగోను జాబితా నుంచి కొట్టేసినవాళ్లకు మార్చిలో దిమ్మ తిరిగింది.

ఈ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. అనేక పండుగల ఒప్పందాల్లో దూరం, గడువు షరతు ఒకటుంటుంది: ఇంత దూరంలో, ఇన్ని రోజులపాటు మరో చోట ప్రదర్శన ఇవ్వకూడదు, ప్రకటించనూ కూడదు. కాలిఫోర్నియాలోని కోచెల్లా పండుగ షరతు ఎంత కఠినమో 2018లో ఆరెగాన్‌లోని ఒక నిర్వాహక సంస్థ కోర్టుకెక్కినప్పుడు బయటపడింది. డిసెంబరు 15 నుంచి మే 1 దాకా ఉత్తర అమెరికాలో మరే పండుగలోనూ వేదికెక్కకూడదన్నది అందులో ఒక అంశం. కోచెల్లా విషయంలో మీరు ఈ తర్కం వాడితే చాలావరకు సరిపోతుంది. గ్లాస్టన్‌బరీ సంగతి వేరు, టికెట్లు ముందే అమ్ముడైపోతాయి. పక్క ఊళ్లో అదే గాయని పాడితే దానికి పోయేదేమీ లేదు. కట్టుదిట్టాలన్నీ టికెట్లు ఇంకా అమ్ముకోవలసిన పండుగలవి.

అపోహ: ఎవరు ఎక్కువ డబ్బు ఇస్తే బ్యాండ్ అటే.

మా కమిషన్ కోణంలో ఇది నిజమైతే బాగుండేది. హెడ్‌లైనర్లకు బయట దొరికేదానికంటే బాగా తక్కువే ఇస్తామని గ్లాస్టన్‌బరీ నడిపే ఈవిస్ కుటుంబం బహిరంగంగానే చెబుతూ వచ్చింది. ఆ పండుగ రాబడిలోంచి ఆక్స్‌ఫామ్, గ్రీన్‌పీస్, వాటర్‌ఎయిడ్‌లకు విరాళాలు వెళతాయి. అయినా బ్యాండ్లు వస్తాయి, ఎందుకంటే ఆ గంటన్నరను బీబీసీ దేశమంతటికీ చూపిస్తుంది. మరుసటి వారం పాటల వినికిడి, శరత్కాలపు అరీనా టికెట్లు, అన్నీ కదులుతాయి. చాలామంది మేనేజర్లు ఆ పారితోషికాన్ని రాబడిగా చూడరు, ప్రచార ఖర్చు మిగిలిందనుకుంటారు. డబ్బు పోటీ అసలు రూపంలో చూడాలంటే మిగతా పండుగల వైపు వెళ్లాలి.

అపోహ: లీకైన పోస్టరులో అన్ని పేర్లూ ఉన్నాయి, ఇక అనుమానమెందుకు?

అక్షరాల పరిమాణం, ఏ వరుస, ఎవరి పక్కన ఎవరు అన్నవాటి మీద ఏజెంట్లు వారాల తరబడి వాదులాడతారు. చివరి పోస్టరు బయటికి రావడానికి కొద్దిరోజుల ముందు దాకా మారుతూనే ఉంటుంది. కాబట్టి జనవరిలో తిరిగే "తుది పోస్టరు" ఎవరి గదిలోనో తయారైన బొమ్మే. అందరికీ నచ్చే పేర్లన్నీ ఒకే చోట కనిపిస్తే మరీ అనుమానించండి. అసలు పోస్టరు ఏనాడూ అందరికీ నచ్చలేదు.

ఎవరొస్తారన్నదాని మీద బెట్టింగ్ కంపెనీలు ఇచ్చే పందెం అంకెలు కూడా ఇదే కోవ. ఇలాంటి పందాల్లో తిరిగే డబ్బు కొంచెం. ఒక పుకారు విని నలుగురు అటు డబ్బు పెడితే అంకె మారుతుంది, మారిన అంకె చూసి పుకారు బలపడుతుంది.

అపోహ: కళాకారుడే స్వయంగా చెప్పాడు కాబట్టి అది తుది మాట.

2025 జనవరి 1న నీల్ యంగ్ తాను గ్లాస్టన్‌బరీకి రావడం లేదని ప్రకటించాడు. పండుగ బీబీసీ అదుపులో ఉందన్నది ఆయన అభ్యంతరం. అప్పటికి ఆయన వస్తున్నట్టే ఎవరూ ప్రకటించలేదు! కొద్దిరోజులకే అది అపార్థమని, వస్తున్నానని చెప్పాడు. అంతకుముందు నవంబరులో రాడ్ స్టూవర్ట్ ఆదివారం లెజెండ్స్ స్లాట్ (పాతతరం దిగ్గజాలకిచ్చే సమయం) గురించి మిగతా లైనప్ కంటే చాలా ముందే చెప్పేశాడు, ఆ మాట నిలబడింది. నా అంచనా: "వస్తున్నాను" అన్న మాటకు విలువుంది. "రావడం లేదు", "మమ్మల్నెవరూ పిలవలేదు" అన్నవాటికి లేదు, ఎందుకంటే ప్రకటన దాకా నోరు కట్టుకోవాలన్న షరతు మా ఒప్పందాల్లోనే ఉంటుంది.

అపోహ: పేరు ముందుగా చెప్పని రహస్య స్లాట్‌లో ఎవరైనా రావచ్చు.

ఎవరైనా రాలేరు. 2023లో జాబితాలో "ది చర్నప్స్" అని ఒక పేరు కనిపించింది, వేదిక మీదికి వచ్చింది ఫూ ఫైటర్స్. వాళ్ల కొత్త ఆల్బమ్ ఆ నెల 2వ తేదీనే విడుదలైంది. 2025లో గాయని లార్డ్, వుడ్సీస్ అనే వేదిక మీద చెప్పాపెట్టకుండా ప్రత్యక్షమైన రోజే ఆమె ఆల్బమ్ విడుదల, జూన్ 27. అదే వారాంతం "ప్యాచ్‌వర్క్" పేరుతో వచ్చిన పల్ప్ కూడా ఆ నెలలోనే కొత్త ఆల్బమ్ తెచ్చింది. అంటే రహస్య స్లాట్ ప్రచార ప్రణాళికలో భాగం. ఆ వారం రికార్డు అమ్ముకోవలసిన వాళ్లెవరో, అందులో బ్రిటన్‌లోనో దగ్గర్లోనో ఉన్నవాళ్లెవరో చూస్తే జాబితా నాలుగైదు పేర్లకు కుదించుకుపోతుంది. అభిమానులు ఈ ఒక్క విషయంలో మా కంటే చురుకు, వాళ్ల ఊహలు తరచూ నిజమవుతాయి.

అపోహ: ఎవరైనా రాలేకపోతే పక్కన మరో పెద్ద బ్యాండ్‌ను సిద్ధంగా ఉంచుతారు.

అలా సిద్ధంగా కూర్చునే పెద్ద బ్యాండ్ ఉండదు. 1995లో గిటారిస్టు జాన్ స్క్వైర్ కాలర్‌బోన్ విరిగి స్టోన్ రోజెస్ తప్పుకుంటే పల్ప్ వచ్చింది. 2010లో గాయకుడు బోనో వెన్ను గాయంతో యూ2 రాలేకపోతే గొరిల్లాజ్ వచ్చింది. 2015 జూన్ 12న గోథెన్‌బర్గ్ వేదిక మీంచి పడి ఫూ ఫైటర్స్ గాయకుడు డేవ్ గ్రోల్ కాలు విరగ్గొట్టుకున్నప్పుడు పండుగకు రెండు వారాలే ఉంది. అప్పుడు బయటివాళ్లను వెతకలేదు. అప్పటికే ఆ రోజు జాబితాలో ఉన్న ఫ్లోరెన్స్ అండ్ ద మెషీన్‌ను పైకి జరిపారు. ఆ గడువులో కొత్త బ్యాండ్‌కు సిబ్బంది, సామాను, రిహార్సల్ సమకూర్చడం కంటే ఉన్నవాళ్లకు అరగంట పెంచడం తేలిక. రేపు ఎవరైనా తప్పుకుంటే కూడా ముందు అదే రోజు రెండో వరుస పేర్లు చూడండి.

అపోహ: లైనప్ వచ్చాక చూసుకుని టికెట్ కొనవచ్చు.

2025 పండుగ మామూలు టికెట్లు 2024 నవంబరులో సుమారు 35 నిమిషాల్లో అయిపోయాయి. ధర 373.50 పౌండ్లు, పైన 5 పౌండ్ల రుసుము. లైనప్ మొదటి ప్రకటన వచ్చింది మార్చిలో. 2027కు వెళ్లాలనుకునేవారు ఇప్పుడే ఫోటోతో పేరు నమోదు చేసుకుని ఉంచండి, నమోదు లేనిదే కొనే వీలుండదు. టికెట్ మీద మీ ఫోటో ఉంటుంది, మరొకరికి బదిలీ కాదు. పుకారు గుప్పుమన్న రోజునే "మా దగ్గర మిగులు టికెట్లున్నాయి" అనేవాళ్లు బయలుదేరతారు, వాళ్లకు పైసా ఇవ్వకండి. నవంబరులో దొరకనివారికి ఏప్రిల్‌లో నిర్వాహకులే వాపసు వచ్చిన టికెట్లను మళ్లీ అమ్ముతారు. అవి కూడా నిమిషాల్లోనే పోతాయి.