కూర్చుని తింటే కండలు కరుగుతాయి

మా నాన్న కుర్చీలోంచి ఎలా లేస్తాడో ఈమధ్య కాస్త పట్టించుకుని చూశాను. ముందు రిమోట్ పక్కన పెడతాడు. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి ఒకసారి ముందుకు ఊగుతాడు, లేవడు. రెండోసారి ఇంకాస్త గట్టిగా ఊగుతాడు. మూడోసారి "రామా" అంటూ లేచి, తూలకుండా నిలదొక్కుకోవడానికి ఒక్క క్షణం ఆగుతాడు. ఆయనకు 76 ఏళ్లు. పొద్దున్నే పార్కులో ముప్పావుగంట నడిచొస్తాడు కాబట్టి మాకు ఇన్నాళ్లూ ఏ టెన్షనూ లేదు.

ఒక ఆదివారం ఊరికే లెక్క పెట్టాను. టిఫిన్ తర్వాత నుంచి మధ్యాహ్నం భోజనం దాకా ఆయన లేచింది రెండే రెండుసార్లు, రెండూ బాత్రూమ్‌కే. మంచినీళ్లు మా ఆవిడ తెచ్చిచ్చింది. బీపీ మాత్ర, కళ్లజోడు, పేపరు, ఫోన్ ఛార్జర్ అన్నీ నడిచి ఆయన దగ్గరికే వచ్చాయి. ఆయన లేవబోతే చాలు, "మావయ్యా, మీరు కూర్చోండి, నేను తెస్తా" అని వంటింట్లోంచి కేక. ఆ కేక వెనక ఉన్నది ప్రేమే. చిక్కల్లా అక్కడే ఉంది.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దలు డబ్బు గురించి అన్నారు. కండల విషయంలో అది అక్షరాలా నిజం. 2007లో అమెరికాలో సగటున 67 ఏళ్లున్న కొందరు ఆరోగ్యవంతులను 10 రోజులపాటు మంచం మీదే ఉంచి చూశారు. ఏ జబ్బూ లేదు, తిండికి లోటు లేదు. అయినా పది రోజుల్లోనే కాళ్లలో కిలోకి దగ్గరగా కండ తగ్గిపోయింది. కుర్చీ మంచమంత చెడ్డది కాదు గానీ, కూర్చున్నప్పుడు కూడా తొడలకూ పిక్కలకూ దాదాపు పని ఉండదు. వాడని కండను ఒళ్లు ఎక్కువ కాలం పోషించదు. వయసు మీద పడ్డాక పోయినంత తేలిగ్గా అది తిరిగి రాదు కూడా.

కూర్చునే పనికీ తిరిగే పనికీ ఉన్న తేడాను లెక్కలతో చూపించింది లండన్ బస్సులు. జెర్రీ మోరిస్ అనే డాక్టరు 1953లో ఈ సంగతి ప్రచురించాడు. డబుల్ డెక్కర్ బస్సులో డ్రైవరు రోజంతా సీట్లోనే ఉండేవాడు, కండక్టరు టికెట్లు కొడుతూ రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగేవాడు. గుండెజబ్బులు కండక్టర్లలో తక్కువగా కనిపించాయి. నాకు నచ్చేది మోరిస్ అక్కడితో ఆగకపోవడం. మూడేళ్ల తర్వాత యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలు తిరగేస్తే, డ్రైవర్లు ఉద్యోగంలో చేరేనాటికే కాస్త లావుగా ఉన్నారని తేలింది. అంటే తేడా మొత్తాన్నీ సీటు మీదకి నెట్టలేం. అదీ ఆయనే బయటపెట్టాడు.

మరి పొద్దున నడక సరిపోదా? నడక మానమని ఎవరూ అనరు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా కదలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 65 దాటినవాళ్లయితే వారానికి మూడు రోజులైనా తూలకుండా నిలబడటానికీ కాళ్ల బలానికీ కసరత్తు చేయమంటుంది. దాంతోపాటు కూర్చునే సమయం తగ్గించమని విడిగా చెబుతుంది. ముప్పావుగంట నడిచి పన్నెండు గంటలు కూర్చుంటే ఆ పన్నెండు గంటల లెక్క వేరే ఉంటుంది. మన ఇళ్లలో షుగరు లేని ఇల్లు అరుదు కాబట్టి ఇంకో ప్రయోగం చెబుతాను. 2012లో ఆస్ట్రేలియాలో 45 నుంచి 65 ఏళ్ల మధ్య, కాస్త బరువెక్కువ ఉన్నవాళ్లను ప్రతి 20 నిమిషాలకోసారి లేపి రెండు నిమిషాలు నెమ్మదిగా నడిపించారు. కదలకుండా కూర్చున్న రోజుతో పోలిస్తే తిన్నాక షుగరు పెరగడం దాదాపు పావు వంతు తగ్గింది. పిక్కా తొడా కదిలితే రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి.

2024లో వచ్చిన అమెరికా అధ్యయనం మా ఇంటికి ఇంకా దగ్గరగా ఉంది. అరవై దాటిన 283 మంది, అందరూ స్థూలకాయులు. వాళ్లలో సగం మందిని జిమ్‌కి పొమ్మనలేదు, కాస్త తక్కువ కూర్చోమన్నారంతే. లేవమని గుర్తుచేసే చేతి బ్యాండు, నిలబడి పని చేసుకునే బల్ల, అప్పుడప్పుడూ ఫోన్లో మాట్లాడే మనిషి, ఇదీ సాయం. ఆరు నెలల్లో రోజుకు అరగంట కూర్చోవడం తగ్గింది. బీపీ పై అంకె రెండో సగంతో పోలిస్తే మూడు పాయింట్లకు పైగా దిగింది.

మేం బ్యాండు కొనలేదు. నీళ్ల సీసా ఆయన పక్కనుంచి తీసి వంటింటి గట్టు మీద పెట్టాం. మాత్రల డబ్బా పడకగదిలోకి మారింది. సాయంత్రం ఆరేసిన బట్టలు తీసుకురావడం, మొక్కలకు నీళ్లు పోయడం ఆయన పని. సీరియల్లో ప్రకటనలు వస్తే లేవాలి (రోజుకు ఎన్నిసార్లు లేవాల్సొస్తుందో మీకు తెలుసు). పక్క మీద నుంచి మాత్రం ఒక్కసారిగా లేవొద్దని చెప్పాం. కాళ్లు కిందికి వేలాడేసి ఒక నిమిషం కూర్చోవాలి, లేకపోతే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

కాళ్ల బలం చూడ్డానికి సులువైన పరీక్ష ఒకటుంది. చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. పక్కన ఒక మనిషి ఉండాలి. మా నాన్న వయసు మగవాళ్లలో 11 కంటే తక్కువ వస్తే పడిపోయే ప్రమాదం ఎక్కువని అమెరికా వైద్యులు లెక్కగడతారు. మా నాన్నకు 7 వచ్చింది. ముఖం ముడుచుకుని, "కుర్చీ పొట్టిగా ఉంది" అన్నాడు. నిజమే, కుర్చీ ఎంత పొట్టిదైతే లేవడం అంత కష్టం. కానీ ఆయనకు పెట్టింది మామూలు డైనింగ్ టేబుల్ కుర్చీయే.

ఈ వయసులో బలం ఏం వస్తుందిలే అనుకునేవాళ్లకు బోస్టన్ సంగతి చెప్పాలి. 1990లో అక్కడి వృద్ధాశ్రమంలో తొంభైకి అటూ ఇటూ ఉన్న పదిమంది చేత దగ్గరుండి కాళ్లతో బరువులు ఎత్తించారు. ఎనిమిది వారాల్లో వాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది.

మొన్న మా మేనత్త వచ్చింది. నాన్న లేచి నీళ్లకోసం వంటింట్లోకి వెళ్తుంటే మా ఆవిడ కూర్చునే ఉంది. అత్తయ్య నన్నొక చూపు చూసింది, పెద్దాయన చేత నీళ్లు తెప్పించుకునే కొంపా ఇది అన్నట్టు. నేను సర్దిచెప్పేలోపే లోపల్నుంచి నాన్న గొంతు వినబడింది.

"ఉండవే, నీకూ తెస్తున్నా."