టమాటా ఎరుపు, పోపు నూనె

కూరగాయలను ఎక్కువసేపు ఉడికిస్తే సారమంతా పోతుందని చిన్నప్పటి నుంచి వింటున్న మాట టమాటా విషయంలో సగమే నిజం. 2002లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు టమాటాలను 88 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట వేడిచేసి చూస్తే, విటమిన్ సి 29 శాతం తగ్గింది గానీ, శరీరానికి అందే రూపంలో ఉన్న లైకోపీన్ అనే ఎర్రని పదార్థం రెండున్నర రెట్లు దాటింది. వేడి కొత్తగా లైకోపీన్‌ను పుట్టించలేదు. కణాల గోడల మధ్య చిక్కుకుని ఉన్నదాన్ని విడిపించింది.

టమాటాకు ఎరుపునిచ్చే రంగుపదార్థమే లైకోపీన్. క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌కు ఇది సొంత తోబుట్టువు లాంటిది: రెండింటిలోనూ 40 కార్బన్, 56 హైడ్రోజన్ పరమాణువులే ఉంటాయి. అయితే బీటా కెరోటిన్‌కు రెండు కొసల్లోనూ ఉండే వలయాలు లైకోపీన్‌లో లేవు కనుక మన శరీరం దీన్ని విటమిన్ ఏగా మార్చుకోలేదు. ఒకటి విడిచి ఒకటిగా ద్విబంధాలు ఉన్న ఆ పొడవాటి గొలుసే పండుకు ఎరుపు తెస్తుంది. కణాలను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ రూపాన్ని చల్లార్చేదీ అదే. ఆ పనిలో బీటా కెరోటిన్ కన్నా లైకోపీన్ మిన్న అని 1989లో తేలాకే దీని పేరు, ఇలాంటి హానిని అడ్డుకునే యాంటీఆక్సిడెంట్ల జాబితాలో పైకి ఎక్కింది.

లైకోపీన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. 1992లో జర్మనీ పరిశోధకులు టమాటా రసాన్ని కాస్త మొక్కజొన్న నూనెతో గంటసేపు మరిగించి తాగించినప్పుడు రక్తంలో లైకోపీన్ పెరిగింది. మరిగించని రసంతో పెరగలేదు. ఒకప్పుడు రామములగ అని పిలిచిన ఈ కాయను నూనెలో మగ్గించి, పోపు పెట్టి పచ్చడి చేసినవారెవరికీ ఈ లెక్క తెలియదు గానీ, పద్ధతి మాత్రం సరిగ్గా కుదిరింది. ఎండలో ఎండబెట్టి చేసే నిలవ పచ్చడికి ఇదే మాట పూర్తిగా వర్తించదు, ఎందుకంటే వెలుతురు, గాలి తగిలితే లైకోపీన్ కొంత నశిస్తుంది. పైగా అందులో ఉప్పు ఎక్కువ. పుచ్చకాయకు, ఎర్రజామకు మాత్రం పొయ్యితో పని లేదు; పచ్చిగా తిన్నా వాటి లైకోపీన్ ఒంటికి పడుతుంది.

ఇంతవరకు రసాయనశాస్త్రం గట్టిగానే ఉంది. చిక్కంతా ఆరోగ్యం దగ్గరే. 1995లో హార్వర్డ్ పరిశోధకులు సుమారు 48 వేల మంది పురుషులను పరిశీలించి, టమాటా సాస్ వంటివి తరచుగా తినేవారిలో ప్రొస్టేట్ క్యాన్సర్ తక్కువగా కనిపించిందని ప్రకటించగానే, లైకోపీన్ మాత్రల వ్యాపారానికి ఊపు వచ్చింది. అయితే టమాటాలు ఎక్కువగా తినేవారి మిగతా తిండి, అలవాట్లు కూడా వేరుగా ఉండవచ్చు కదా? అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2005లో ఆధారాలన్నీ తిరగేసి, లైకోపీన్ క్యాన్సర్‌ను అడ్డుకుంటుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని, టమాటాలకూ ప్రొస్టేట్ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధానికైతే చాలా పరిమితమైన ఆధారం ఉందని తేల్చింది. నా దృష్టిలో ఈ తేడా ముఖ్యమైనది. టమాటాలో లైకోపీన్ ఒక్కటే లేదు; పైగా రక్తంలో దాని మోతాదు విటమిన్ సితో పోలిస్తే ఎంతో తక్కువ కనుక, పరీక్షనాళికలో చూపిన ప్రతాపమే శరీరంలోనూ చూపుతుందని అనుకోవడానికి వీల్లేదు.

మాత్రల విషయంలో తొందరపడకూడదనడానికి లైకోపీన్ తోబుట్టువైన బీటా కెరోటిన్ కథే చాలు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేల మంది పురుషులపై జరిపిన ప్రయోగంలో రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో బయటపడింది. లైకోపీన్ అలాంటి హాని చేస్తుందని ఎవరూ చూపలేదు.

ఎక్కువైతే ఏమవుతుందో చూపిన ఉదంతం మాత్రం ఒకటుంది. కొన్నేళ్లపాటు రోజుకు రెండు లీటర్ల టమాటా రసం తాగిన 61 ఏళ్ల అమెరికా మహిళ ఒళ్లు నారింజ రంగుకు తిరిగిందని 1960లో వైద్యులు నమోదు చేశారు. రసం మానేశాక రంగు విరిగింది.