డిలీట్ కొట్టినా డొమైన్ చేజారకూడదు

యాప్‌లను చాలా కంప్యూటర్ల మీద నడిపించే వ్యవస్థ కుబెర్నెటిస్. దాని క్లస్టర్‌లో, అంటే ఆ కంప్యూటర్ల గుంపులో, ఇక పనిలేదనుకున్న నేమ్‌స్పేస్ (విడిగా ఉంచే గది లాంటిది) ఒకదాన్ని తీసేస్తాం. అందులో డొమైన్ అనే కస్టమ్ రిసోర్స్, అంటే అదనంగా చేర్చుకున్న రకం ఆబ్జెక్ట్, ఒకటి ఉంటుంది. దాన్ని చూసుకునే కంట్రోలర్ అనే ప్రోగ్రామ్, సర్వీస్ ప్రొవైడర్ దగ్గర మన ఖాతాలో రిజర్వ్ అయి ఉన్న పేరును కూడా వదిలేస్తుంది. యాప్ నడిచే పాడ్‌లను నిమిషాల్లో మళ్లీ నిలబెట్టుకోవచ్చు. వదిలేసిన పేరు తిరిగి మనకే దక్కుతుందన్న హామీ మాత్రం లేదు. యాప్ ఆయుష్షు వేరు, పేరు ఆయుష్షు వేరు. ఈ రెండూ ఒకే ముడిలోకి ఎలా వచ్చాయో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఇంటర్నెట్‌కు ముందటి ఆర్పానెట్ నెట్‌వర్క్ రోజుల్లో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి. ఎలిజబెత్ ఫైన్‌లర్ నడిపిన సమాచార కేంద్రం దాన్ని చూసుకునేది. 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన డీఎన్‌ఎస్, అంటే పేర్లను చిరునామాలకు జతచేసే వ్యవస్థ, ఆ బాధ్యతను పంచింది: ఎవరి జోన్ (పేర్లలో వాళ్ల వంతు) వాళ్లదే. ఆ తర్వాత చాలా ఏళ్లు కంపెనీల్లో జోన్ ఫైలు అడ్మిన్ చేతిలోనే ఉండేది. పేరు కావాలంటే టికెట్ పెట్టాలి, ఆగాలి. పని నిదానమే, కానీ ఏ పేరు ఎవరిదో తెలిసిన మనిషి ఒకరుండేవారు.

గూగుల్ 2014లో ప్రకటించిన కుబెర్నెటిస్ 2015 జులైలో 1.0కు చేరింది. బయటి నుంచి వచ్చే వెబ్ ట్రాఫిక్‌ను ఏ యాప్‌కు పంపాలో చెప్పే ఇన్‌గ్రెస్ ఆ ఏడాదే 1.1లో వచ్చింది. అందులో హోస్ట్ అనే ఫీల్డ్ ఉంది, అంతే. అందులో ఏ పేరు రాసినా, అది రాసినవాళ్లదేనా అని ఇన్‌గ్రెస్ అడగదు. రెండు టీమ్‌లు రెండు నేమ్‌స్పేస్‌లలో ఒకే హోస్ట్ రాస్తే ఏం చేయాలో ఆ ఏపీఐ తేల్చలేదు, కంట్రోలర్లకు వదిలేసింది. ఇన్‌గ్రెస్ ఎన్‌జింక్స్ అనే కంట్రోలర్ అయితే ఒకే హోస్ట్, ఒకే పాత్ ఉన్నప్పుడు ముందు సృష్టించినదానికే పెద్దపీట వేస్తుంది. టికెట్ పోయింది, దాంతోపాటు అడిగే మనిషీ పోయాడు.

డీఎన్‌ఎస్ రికార్డులు రాసే పనిని 2017లో మొదలైన ఎక్స్‌టర్నల్ డీఎన్‌ఎస్ అనే పనిముట్టు అందుకుంది. అంతకుముందు జలాండో కంపెనీ వాళ్ల మేట్ లాంటి పనిముట్లు విడివిడిగా చేస్తున్న పనిని ఇది ఒక్కచోటికి తెచ్చింది. పేరు ఎవరిదన్న ప్రశ్నను ఇది గట్టిగా పట్టించుకుంది. తాను రాసిన ప్రతి రికార్డుకూ తోడుగా ఒక టెక్స్ట్ రికార్డు రాసి, అందులో ఓనర్ ఐడీ పెడుతుంది. తన ఐడీ లేని రికార్డు జోలికి పోదు. ఎంత ఆలోచనతో చేసిన పనో! కానీ ఆ ఐడీ విడిగా ఇవ్వకపోతే డిఫాల్ట్ అనే మాటే ఐడీగా పడుతుంది. రెండు క్లస్టర్లు ఆ ఒక్క ఐడీతో ఒకే జోన్‌ను సింక్ పాలసీలో, అంటే క్లస్టర్‌లో లేని పేర్ల రికార్డులను తీసేసే పద్ధతిలో, నడిపాయనుకోండి. మొదటిది రాసిన రికార్డు రెండోదానికి తనదిగానే కనిపిస్తుంది. కానీ తన క్లస్టర్‌లో అలాంటి ఇన్‌గ్రెస్ లేదు కాబట్టి తీసేస్తుంది. మొదటిది మళ్లీ రాస్తుంది, రెండోది మళ్లీ తీసేస్తుంది. సైటు కాసేపు ఉండి కాసేపు పోతుంటే కారణం ఇక్కడ ఉందని ఎవరికి తడుతుంది?

ఈలోగా కుబెర్నెటిస్‌కు సొంత రకాల ఆబ్జెక్టులు చేర్చుకునే వీలు పెరిగింది. మొదట థర్డ్ పార్టీ రిసోర్స్ ఉండేది. 2017లో 1.7 వెర్షన్ దాని స్థానంలో కస్టమ్ రిసోర్స్ డెఫినిషన్‌ను, అంటే సీఆర్‌డీని తెచ్చింది. 2019లో 1.16తో అది స్టేబుల్ అయింది. 2016లో కోర్‌ఓఎస్ కంపెనీ ముందుకు తెచ్చిన ఆపరేటర్ పద్ధతి, అంటే నిర్వహణ పనిని కంట్రోలర్‌తో చేయించడం, దీనికి తోడైంది. దాంతో క్లస్టర్ బయట ఉన్న డేటాబేసులు, సర్టిఫికెట్లు, డొమైన్లు కూడా యామల్ అనే సెట్టింగుల ఫైళ్లలో రాసుకునే వస్తువులయ్యాయి. ఎన్‌గ్రాక్ అనే సర్వీస్ ప్రొవైడర్ ఆపరేటర్‌లో డొమైన్ రకం ఇలాంటిదే. ఇన్‌గ్రెస్‌లో హోస్ట్ రాస్తే చాలు, ఆ పేరుకు డొమైన్ ఆబ్జెక్ట్ తయారవుతుంది, ఖాతాలో రిజర్వేషన్ జరుగుతుంది. మనం సొంత డొమైన్ వాడుతుంటే సీనేమ్‌ను, అంటే ఒక పేరును మరో పేరు వైపు చూపే రికార్డును, ఎటు చూపాలో ఆబ్జెక్ట్ స్టేటస్‌లో కనిపిస్తుంది.

సౌకర్యం నిజమే. చిక్కు కూడా అందులోనే ఉంది. ఒక సీఆర్‌డీని తీసేస్తే ఆ రకం ఆబ్జెక్టులన్నీ క్లస్టర్ మొత్తంలో పోతాయి. కంట్రోలర్ ఇంకా నడుస్తూ ఉంటే బయటి పేర్లనూ వదిలేయవచ్చు. కంట్రోలర్‌ను ముందే తీసేశామా, ఫైనలైజర్ (శుభ్రం చేసేదాకా తీసివేతను ఆపే గుర్తు) ఉన్న ఆబ్జెక్ట్ టెర్మినేటింగ్ స్థితి దగ్గర ఇరుక్కుపోతుంది. విసుగెత్తి ఫైనలైజర్‌ను చేత్తో చెరిపేస్తే ఆబ్జెక్ట్ పోతుంది, రిజర్వేషన్ మాత్రం బయట అనాథగా మిగులుతుంది. యాప్‌లను క్లస్టర్‌లో ఇన్‌స్టాల్ చేసే హెల్మ్, 2019లో వచ్చిన 3వ వెర్షన్‌లో, సీఆర్‌డీలను వేరే ఫోల్డర్‌లో పెట్టించి, అన్‌ఇన్‌స్టాల్ చేసినా వాటిని తీయకపోవడానికి ఇలాంటి భయమే కారణం.

పేరు పోతే సైటు ఆగడం ఒక్కటే నష్టం కాదు. మన జోన్‌లో సీనేమ్ అలాగే ఉండి, అది చూపే ప్రొవైడర్ పేరు మాత్రం ఖాళీ అయితే, దాన్ని ఇంకెవరైనా తీసుకోవచ్చు. అప్పుడు మన చిరునామాలో వాళ్ల పేజీ తెరుచుకుంటుంది. అందుకే రీక్లెయిమ్ పాలసీ, అంటే ఆబ్జెక్ట్‌ను తీసేస్తే బయటి వస్తువును ఏం చేయాలో చెప్పే సెట్టింగ్, ఇంత ముఖ్యం. కుబెర్నెటిస్‌లో డేటా దాచే పర్సిస్టెంట్ వాల్యూమ్‌ల నుంచి వచ్చిన ఆలోచన ఇది: రిటెయిన్ అంటే ఆబ్జెక్ట్ పోయినా అసలు వస్తువు ఉంటుంది, డిలీట్ అంటే రెండూ పోతాయి. ప్రొడక్షన్ డొమైన్‌కు రిటెయిన్ తప్ప మరో మాట ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. టెస్ట్ పేర్లకు డిలీట్ బాగానే సరిపోతుంది.

పేరు ఒక్కరిదే అన్న నియమాన్ని క్లస్టర్ దానంతటది కాపాడదు. నేమ్‌స్పేస్ పరిధిలో ఉండే డొమైన్ రిసోర్సులైతే ఒకే డొమైన్‌కు రెండు చోట్ల రెండు ఆబ్జెక్టులు పుట్టవచ్చు. సీఆర్‌డీలో రాసే సెల్ (సీఈఎల్) అనే తనిఖీ రూల్స్ ఆ ఒక్క ఆబ్జెక్ట్‌నే చూస్తాయి. ఒకసారి రాసిన డొమైన్‌ను మార్చనివ్వకుండా అవి ఆపగలవు, పక్క నేమ్‌స్పేస్‌లో అదే పేరు ఉందో లేదో చూడలేవు. దానికి అడ్మిషన్ వెబ్‌హుక్, అంటే ఆబ్జెక్ట్‌ను ఒప్పుకునే ముందు తనిఖీ చేసే ప్రోగ్రామ్, పెట్టాలి. లేదా రిసోర్స్‌ను క్లస్టర్ పరిధిలో పెట్టి, డొమైన్ పేరునే ఆబ్జెక్ట్ పేరుగా వాడాలి. అప్పుడు రెండోది సృష్టించబోతే ఏపీఐ సర్వరే ఒప్పుకోదు. నక్షత్రం గుర్తుతో చాలా సబ్‌డొమైన్లను ఒకేసారి సూచించే వైల్డ్‌కార్డ్ దగ్గర మాత్రం ఇది కుదరదు, ఆబ్జెక్ట్ పేరులో ఆ గుర్తు చెల్లదు.

ఇన్‌గ్రెస్ తర్వాతి తరంగా వచ్చి 2023 అక్టోబర్‌లో 1.0కు చేరిన గేట్‌వే ఏపీఐ సగం పని చేసిపెట్టింది. ఏ హోస్ట్‌నేమ్‌కు ఏ నేమ్‌స్పేస్ నుంచి రూట్లు తగిలించవచ్చో గేట్‌వేను చూసుకునేవాళ్లే లిజనర్ అనే భాగంలో రాస్తారు. యాప్ టీమ్ ఆ హద్దులోనే రూట్ రాసుకుంటుంది. ఆ పేరును ప్రొవైడర్ దగ్గర పట్టి ఉంచడం, వదలడం మాత్రం ఇప్పటికీ ఆయా ఆపరేటర్ల కస్టమ్ రిసోర్సుల చేతిలోనే ఉంది, ఒక్కో ఆపరేటర్‌కు ఒక్కో పద్ధతి.