అక్వేరియంలో చెయ్యి ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు: కొన్ని అపోహలు - వాస్తవాలు

అక్వేరియంలు అమర్చడం, రిపేరు చేయడం నా పని. ఫోన్ చేసేవాళ్లలో చాలామంది చెప్పే ఇబ్బందులు చిన్నవే. పంపు రొద చేస్తోందనో, గాజుకు పాచి పట్టిందనో, నీళ్లు మసకబారాయనో, రాత్రి కరెంటు పోయి నేలంతా తడిసిందనో చెబుతారు. వీటి వెనక ఎక్కువగా కనిపించే కారణం ఒక్కటే. కదిలించకుండా వదిలేయాల్సిన వాటిని కడిగేస్తుంటారు. స్క్రూడ్రైవరో బ్లేడో పట్టుకుని అరగంట కూర్చోవాల్సిన పనిని మాత్రం నెలల తరబడి వాయిదా వేస్తుంటారు. ఎక్కువగా వినిపించే అపోహలను ఆ దృష్టితోనే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నీళ్లు తేటగా ఉంటే ట్యాంకు బాగున్నట్టే.

చేపల ప్రాణాలు ఎక్కువగా తీసేది ఈ నమ్మకమే. చేపలు మొప్పల ద్వారా అమోనియాను వదులుతాయి. మిగిలిపోయిన మేత, మలం కుళ్లినా అమోనియానే తయారవుతుంది. దానికి రంగుండదు. చేపలకు హాని చేసే మోతాదులో ఉన్నా మన ముక్కుకు తెలియదు. నీళ్లు అద్దంలా ఉండగానే చేపలు పైకొచ్చి నోరు తెరుచుకుంటూ ఉంటాయి.

ఈ అమోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. నైట్రోస్పైరా వంటి మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ ప్రమాదం చాలా తక్కువ. దాన్ని మొక్కలు కొంత వాడుకుంటాయి, మిగతాది నీళ్లు మార్చినప్పుడు పోతుంది. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా సరిపడా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే ట్యాంకు పెట్టిన మర్నాడే పది చేపలు వేస్తే వారం తిరక్కుండానే ఒక్కొక్కటీ చనిపోతుంటాయి. ఇంట్లో వాళ్లు అచ్చిరాలేదని బాధపడతారు. నిజానికి చేపలు చేరే సరికి ట్యాంకు సిద్ధం కాలేదు, అంతే.

నీళ్ల పరీక్షకు చుక్కల మందు కిట్ ఒకటి కొనుక్కోండి. అలంకరణ బొమ్మల కంటే ముందు కొనాల్సింది అది. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించి, నైట్రేట్ మాత్రం కనిపిస్తుంటే ట్యాంకు సిద్ధమైనట్టు.

అపోహ: ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా కడగాలి.

పైన చెప్పిన బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. అది ఎక్కువగా ఆ గోధుమరంగు స్పాంజిలోనూ, ఫిల్టర్‌లోని సిరామిక్ రింగుల మీదా, అడుగు గులకరాళ్ల మీదా అంటుకుని ఉంటుంది. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతో స్పాంజిని పిండితే వారాల పాటు పెరిగిన ఆ బ్యాక్టీరియాలో చాలా భాగం నాశనమవుతుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లనే బకెట్లో పోసి, అందులో స్పాంజిని నాలుగైదుసార్లు పిండితే చాలు. రంగు పోనక్కర్లేదు, స్పాంజి గుండా నీళ్లు సాఫీగా పారితే సరిపోతుంది. పాత స్పాంజి చిరిగి మార్చాల్సి వస్తే కొత్తదాన్ని పాతదాని పక్కనే కొన్ని వారాలు ఉంచి, ఆ తర్వాత పాతది తీసేయండి.

అపోహ: నెలకోసారి చేపలన్నీ బయటికి తీసి, రాళ్లు కడిగి, మొత్తం నీళ్లు మార్చాలి.

ఒక ఆదివారమంతా పట్టే ఈ పని నిజానికి అవసరమే లేదు. చేపల్ని వలతో పట్టడం, బకెట్లో ఉంచడం, వేరే ఉష్ణోగ్రతలో ఉన్న కొత్త నీళ్లలో వదలడం, ఇలా ప్రతి మెట్టూ వాటికి దెబ్బే. రాళ్లు కడిగితే వాటి మీది బ్యాక్టీరియా కూడా పోతుంది, ట్యాంకు మళ్లీ మొదటికొస్తుంది.

వారానికి 20 నుంచి 30 శాతం నీళ్లు మారిస్తే మామూలు ట్యాంకుకు సరిపోతుంది. చేపలు లోపలే ఉంటాయి. లావుపాటి పైపును గులకరాళ్లలోకి గుచ్చి సైఫన్ చేస్తే, అంటే నీళ్లు పైపులోంచి వాటంతటవే కింది బకెట్లోకి పారేలా చేస్తే, అడుగున ఉన్న మడ్డి ఆ నీళ్లతోనే వచ్చేస్తుంది. హీటర్ ఉంటే మాత్రం ముందే స్విచ్ ఆపండి. వేడిగా ఉన్న హీటర్ నీళ్లు తగ్గి గాలికి తేలితే, తర్వాత చల్లని నీళ్లు తగలగానే గాజు పగలవచ్చు.

ఇంకొందరు ఆవిరైన మేరకు నీళ్లు నింపి, నీళ్లు మార్చినట్టే అనుకుంటారు. ఆవిరయ్యేది నీరు మాత్రమే. ఉప్పులు, ఖనిజాలు, నైట్రేట్ ట్యాంకులోనే ఉండిపోతాయి. నింపిన ప్రతిసారీ కొత్త నీళ్లతో పాటు మరికొన్ని ఖనిజాలు చేరతాయి. గాజు పైఅంచున తెల్లగా గట్టిపడే చార అలా వచ్చిందే. వెనిగర్‌లో తడిపిన గుడ్డను కాసేపు దాని మీద అదిమి ఉంచి తుడిస్తే చాలా వరకు పోతుంది. స్టీలు పీచు మాత్రం వాడొద్దు. ఇంకో మాట: అయస్కాంతం క్లీనర్‌తో గాజు తుడిచేటప్పుడు అడుగు ఇసుక దగ్గరికి పోనివ్వకండి. ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా గాజు మీద పడే గీత ఎప్పటికీ పోదు.

అపోహ: కుళాయి నీళ్లు ఒక రాత్రి పట్టి ఉంచితే చాలు.

క్లోరిన్ మాత్రమే ఉంటే చాలా వరకు నిజమే, ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) పెడితే ఇంకా త్వరగా పోతుంది. క్లోరమైన్ (క్లోరిన్, అమోనియా కలిసిన రసాయనం) కలిపే చోట ఇది పనిచేయదు, అది అంత తేలిగ్గా ఎగిరిపోదు. మీ నీళ్లలో ఏది కలుపుతున్నారో తెలియకపోతే డీక్లోరినేటర్ (క్లోరిన్‌ను విరిచే మందు) వాడటమే మంచిది. ఆర్వో నీళ్లు మాత్రమే పోస్తే ఇంకా మేలనుకోవడమూ పొరపాటే. వాటిలో ఖనిజాలు దాదాపు ఉండవు కాబట్టి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) నిలకడగా ఉండదు.

అపోహ: నీళ్లు మసకబారినా, పాచి పట్టినా వెంటనే మందు వేయాలి.

ముందు రంగు చూడండి. కొత్త ట్యాంకులో నీళ్లు పాలలా తెల్లబడితే అది బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల. అమోనియా పరీక్షించుకుంటూ, మేత తగ్గించి, కొన్ని రోజులు ఓపిక పడితే దానంతటదే తేటపడుతుంది. మొదటి నెలల్లో గాజు మీద గోధుమరంగు పొర పడితే అవి డయాటమ్స్ అనే ఒక రకం సూక్ష్మ నాచు. వేలితో రాస్తే వచ్చేస్తాయి, ట్యాంకు పాతబడే కొద్దీ తగ్గిపోతాయి.

నీళ్లు మొత్తం ఆకుపచ్చగా మారితే అది నీటిలో తేలే ఏకకణ నాచు. ఎంత నీరు మార్చినా వెలుతురు తగ్గకపోతే తిరిగి వస్తుంది. దీనికి నా మొదటి సలహా ఖర్చు లేనిది. ట్యాంకు మీద నేరుగా ఎండ పడకుండా చూడండి, లైటుకు టైమర్ పెట్టి రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలే వెలగనివ్వండి. నిద్రపోయే దాకా లైటు వేసి ఉంచే ఇళ్లలో ఈ ఒక్క మార్పుతో పాచి సమస్య సగానికి పైగా తగ్గడం చాలాసార్లు చూశాను. రెండో సలహా మేత తగ్గించడం. రెండు నిమిషాల్లో చేపలు తినగలిగినంతే వేయండి. నత్తలు గుంపులుగా పెరుగుతున్నా కారణం ఎక్కువగా ఇదే. వాటిని మందుతో చంపితే అన్నీ ఒకేసారి కుళ్లి అమోనియా పెరుగుతుంది. రాత్రి ఒక దోసకాయ ముక్క అడుగున ఉంచి పొద్దున్నే నత్తలతో సహా బయటికి తీసేయండి.

అపోహ: సక్కర్ ఫిష్ వేస్తే ట్యాంకు అదే శుభ్రం చేస్తుంది.

చిన్నప్పుడు కాస్త నాచు తింటుంది. పెద్దదయ్యాక ఒక అడుగు దాటి పెరుగుతుంది, అంతకంత మలమూ వదులుతుంది. శుభ్రం కోసం తెచ్చిన చేపే ట్యాంకులో అందరికంటే ఎక్కువ చెత్త చేస్తుంది.

అపోహ: ఎయిర్ పంపు అన్నాక రొద తప్పదు.

చేతులు పెట్టాల్సిన చోటు ఇది. రొద పెరిగితే ముందు ఎయిర్ స్టోన్ ఊడదీసి చూడండి. శబ్దం తగ్గితే స్టోన్ మూసుకుపోయినట్టే. మూసుకుపోయిన స్టోన్ వల్ల పంపు మీద ఒత్తిడి పెరిగి లోపల గాలిని నెట్టే రబ్బరు పొర, అంటే డయాఫ్రం, త్వరగా చిరుగుతుంది. స్టోన్ మార్చడం చవకైన పని, దాన్ని నిర్లక్ష్యం చేస్తే పంపుకే చేటు. తర్వాత పంపు గోడకో చెక్కకో తగులుతోందేమో చూడండి. మందపాటి స్పాంజి ముక్క మీద పెట్టినా, తాడుతో వేలాడదీసినా తేడా వెంటనే తెలుస్తుంది. రబ్బరే చిరిగితే నాలుగు స్క్రూలు విప్పి కొత్త డయాఫ్రం వేసుకోవచ్చు.

మోటారు ఫిల్టర్ గరగరలాడితే ఇంపెల్లర్‌ను (నీటిని తోసే చిన్న చక్రాన్ని) బయటికి తీసి, అది కూర్చునే గుంతను పాత టూత్‌బ్రష్‌తో కడగండి. లోపల జారుడు మడ్డి గానీ ఇసుక గానీ ఉంటుంది. ఇక్కడ మాత్రం శుభ్రంగా కడగొచ్చు. చేతులు నీళ్లలో పెట్టే ముందు ప్లగ్గులన్నీ తీసేయడం మర్చిపోవద్దు. ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా ఉంచండి. వైరు వెంబడి జారే నీటిచుక్క ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, సాకెట్లోకి పోదు.

అపోహ: కరెంటు పోతే నేల తడవడం పంపు లోపం.

పంపు బాగానే ఉంటుంది. నీటి మట్టం కంటే కింద పంపు ఉన్నప్పుడు గాలి ఆగగానే నీళ్లు అదే గొట్టంలోంచి సైఫన్ అయి వెనక్కి వస్తాయి. గొట్టం మధ్యలో ఒక చెక్ వాల్వ్ (ఒకవైపుకే పోనిచ్చే చిన్న కవాటం) పెడితే సమస్య తీరుతుంది. పెట్టే ముందు నోటితో ఊది చూడండి, గాలి ట్యాంకు వైపుకే వెళ్లాలి. కరెంటు ఎక్కువసేపు పోతే ఆ పూట మేత వేయకండి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంటే నిశ్చింత.

అపోహ: ఇంట్లో చేసుకున్న ఫిల్టర్ పనికిరాదు.

బ్యాక్టీరియాకు బ్రాండుతో పనిలేదు. గరుకు స్పాంజి దిమ్మకు మధ్యలో కన్నం చేసి, పక్కల చిల్లులు పెట్టిన పీవీసీ పైపును అందులో దూర్చి, ఆ పైపులోకి ఎయిర్ గొట్టం వదిలితే స్పాంజి ఫిల్టర్ తయారు. బుడగలు పైపులో పైకి పోతూ నీటిని స్పాంజి గుండా లాగుతాయి. పైపు నీటి మట్టం దాకా ఉంటే లాగుడు బాగుంటుంది. చేపపిల్లలున్న ట్యాంకుకు ఇంతకంటే మంచి ఫిల్టర్ నాకు తెలియదు, ఎందుకంటే పిల్లలు దీంట్లోకి లాక్కుపోబడవు. సబ్బు, రసాయనాలు కలిపిన స్పాంజి మాత్రం వాడకూడదు.

అపోహ: ట్యాంకు కారుతుంటే బయట సిలికాన్ పూస్తే ఆగుతుంది.

నీటి ఒత్తిడి లోపలి నుంచి బయటికి ఉంటుంది కాబట్టి బయట పూసింది ఊడిపోతుంది. ట్యాంకు ఖాళీ చేసి, పూర్తిగా ఆరబెట్టి, లోపలి మూలల్లో ఉన్న పాత సిలికాన్ పట్టీని బ్లేడుతో మొత్తం తీసేయాలి. కారే చోట మాత్రమే గీకితే లాభం లేదు, గట్టిపడిన పాత సిలికాన్‌కు కొత్తది సరిగ్గా అంటదు. గాజును అసిటోన్‌తో తుడిచి, బూజు పట్టకుండా చేసే మందు కలపని నూరు శాతం సిలికాన్ వాడండి. బాత్రూం సిలికాన్‌లో చాలావాటిలో ఆ మందు ఉంటుంది, అది చేపలకు విషం. వేలితో ఒక్కసారి నునుపు చేసి వదిలేయండి, కొన్ని నిమిషాల్లోనే పైపొర కడుతుంది. కనీసం రెండు రోజులు, పట్టీ మందంగా ఉంటే వారం ఆగి, కింద కాగితాలు పరిచి నీళ్లు నింపి ఒక రోజు చూడండి. గాజు పలకల మధ్యనున్న అతుకే వదిలేసి ఉంటే మాత్రం ఇంట్లో ప్రయత్నించకుండా తెలిసినవాళ్లకు ఇవ్వండి.

అపోహ: గోల్డ్‌ఫిష్ గిన్నె ఎంత ఉంటే అంతే పెరుగుతుంది.

ఎదుగుదల ఆగిపోయేది చెడిన నీళ్ల వల్ల. బాగా చూసుకుంటే గోల్డ్‌ఫిష్ పదేళ్లు దాటి బతుకుతుంది, మామూలు రకం 20 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది. గుండ్రటి గిన్నెలో రెండేళ్లకు చనిపోయిన చేపను చూసి దాని ఆయుష్షు అంతేననుకోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది. బెట్టా అనే చిన్న రంగుల చేప గాలి కూడా పీల్చగలదు గనుక గ్లాసులో ఉంచొచ్చనేదీ ఇలాంటిదే. గాలి పీల్చినా అది వదిలే అమోనియా ఆ గ్లాసులోనే ఉంటుంది.

అపోహ: పెంచలేకపోతే చెరువులో వదిలేయడం పుణ్యం.

ట్యాంకులో పెరిగిన చేప చెరువులో చనిపోతే ఒక నష్టం, బతికితే ఇంకా పెద్ద నష్టం. సక్కర్ ఫిష్ బయట తట్టుకుని పెరిగి, గట్లకు బొరియలు చేస్తుంది, తన ముళ్లతో జాలర్ల వలలు చింపుతుంది. ట్యాంకు చేపలతో పాటు వాటి రోగాలూ ఆ నీటిలో చేరతాయి. కొన్న దుకాణంలో తిరిగి తీసుకుంటారేమో అడగండి, పెద్ద ట్యాంకున్న మరో పెంపకందారుకు ఇవ్వండి. కత్తిరించిన మొక్కల్ని కూడా కాలువలో వేయకుండా ఎండలో పూర్తిగా ఎండబెట్టి చెత్తలో వేయండి. ట్యాంకులోంచి తీసిన నీళ్లు కుండీ మొక్కలకు పోయండి. అందులోని నైట్రేట్ వాటికి ఎరువే. అయితే చేపలకు ఉప్పు గానీ మందు గానీ వేసిన వారం ఆ నీళ్లు కుండీలకు వద్దు.