అవే ఎండ్‌లో ఎంతమంది పడతారు? కింది లీగుల ఫుట్‌బాల్‌పై అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ రోజున ప్రేక్షకుల భద్రత చూడటం నా వృత్తి. ప్రీమియర్ లీగ్ కాదు; మూడు, నాలుగు స్థాయిలైన లీగ్ వన్, లీగ్ టూ, వాటి కింద ఐదో స్థాయి నేషనల్ లీగ్. ఇళ్ల వరుసల మధ్య ఇరుక్కున్న పాత గ్రౌండ్లు, జనానికి దారి చూపి అదుపు చేసే పార్ట్‌టైం స్టీవర్డ్‌లు, ఒకరే నాలుగు పనులు చేసే క్లబ్ ఆఫీసులు. ఈ పని గురించి ఎవరితో మాట్లాడినా కొన్ని మాటలు తప్పకుండా వస్తాయి. అవే మాటలు క్లబ్ కమిటీల్లో కూడా వినబడటం నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

ముఖ్యంగా అవే (away) అభిమానుల గురించి, అంటే ప్రత్యర్థి జట్టు వెంట ప్రయాణం చేసి వచ్చేవాళ్ల గురించి. వాళ్లకు గ్రౌండ్ కొత్త. ఏ గేటు ఎటు తెరుచుకుంటుందో, ఏ మెట్లు ఎక్కడికి దిగుతాయో తెలియదు. పైగా చాలా క్లబ్బులు వాళ్లకు కేటాయించేది గ్రౌండ్‌లో అన్నిటికన్నా పాత మూలనే. అవే ఎండ్ అంటే వాళ్లకు కేటాయించిన ఆ భాగమే.

అపోహ: ఎంత చోటుంటే అంత కెపాసిటీ

గ్రౌండ్‌లోని ప్రతి భాగానికీ నాలుగు లెక్కలు కడతాం. గంటలో ఎంతమంది లోపలికి రాగలరు? లోపల ఎంతమంది పడతారు? మ్యాచ్ అయ్యాక 8 నిమిషాల్లోపు ఎంతమంది బయటికి నడవగలరు? నిప్పంటుకుంటే ఎంతమంది క్షేమంగా బయటపడగలరు? ఈ నాలుగింట్లో ఏ అంకె అన్నిటికన్నా చిన్నదో అదే ఆ భాగం కెపాసిటీ. గ్రీన్ గైడ్ అని మేం పిలుచుకునే భద్రతా మార్గదర్శక గ్రంథం చెప్పే పద్ధతి ఇది. 1971లో గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానం మెట్ల మీద 66 మంది నలిగి చనిపోయాక, 1973లో దాని మొదటి కూర్పు వచ్చింది. 2018లో వచ్చినది ఆరోది.

ఒక లెక్క వేసి చూద్దాం. అవే అభిమానులు నిలబడి చూసే టెర్రస్, అంటే సీట్లు లేని మెట్ల వరుస, 300 చదరపు మీటర్లు ఉందనుకోండి. అన్నీ సవ్యంగా ఉంటే 10 చదరపు మీటర్లకు 47 మంది వరకు ఒప్పుకుంటారు. అంటే 1,410 మంది. ఒక్కొక్కరినే లోపలికి వదిలే టర్న్‌స్టైల్ గేట్లు రెండున్నాయి. ఒక్కో గేటు గుండా గంటకు 660 మందికి మించి లెక్కలోకి తీసుకోకూడదు. అంటే 1,320. ఇంతవరకు బాగానే ఉంది. బయటికి వెళ్లే దారి మాత్రం మెట్లది, వెడల్పు 1.2 మీటర్లు. మెట్ల మీద మీటరు వెడల్పుకు నిమిషానికి 66 మంది నడుస్తారని గైడ్ లెక్క. 8 నిమిషాలకు 633 మంది. 1,410 మంది నిలబడగలిగే చోటుకు కెపాసిటీ 633 అయిపోయింది.

అదే భాగం చెక్కతో కట్టిన పాత స్టాండ్ అయితే? అగ్ని ప్రమాదం ఎక్కువున్న చోట ఖాళీ చేయడానికి ఇచ్చే గడువు రెండున్నర నిమిషాలు. అదే మెట్ల దారిలో ఆ గడువులో బయటపడేది 198 మందే. కడవ ఎంత పెద్దదైనా నీళ్లు మూతి వెడల్పును బట్టే బయటికొస్తాయి. మా పనిలో సగం ఆ మూతిని కొలవడమే.

ఇక్కడితో అయిపోలేదు. కట్టడం ఎంత బాగుందో, నిర్వహణ ఎంత బాగుందో చూసి రెండింటికీ సున్నా నుంచి ఒకటి వరకు మార్కులు వేస్తాం. వాటిని పి ఫ్యాక్టర్, ఎస్ ఫ్యాక్టర్ అంటారు. రెండింట్లో ఏది తక్కువైతే దానితో లోపలి సామర్థ్యాన్ని గుణిస్తాం. మెట్లు పెచ్చులూడితే పి తగ్గుతుంది. శిక్షణ పొందిన స్టీవర్డ్‌లు చాలకపోతే ఎస్ తగ్గుతుంది. ఎస్ 0.8కి పడితే వెయ్యి మంది చోటు 800 అవుతుంది. చిన్న క్లబ్బుల్లో నిజమైన సమస్య ఇదే. మంగళవారం రాత్రి మ్యాచ్, చలి, వాన, స్టీవర్డ్‌లలో కొందరు పరీక్షలకు చదువుకునే విద్యార్థులు. సాయంత్రం ఐదింటికి ఒకరి తర్వాత ఒకరు రాలేమని మెసేజ్ పెడతారు. అత్యవసర గేటు దగ్గర నిలబడటానికి మనిషి లేకపోతే ఆ గేటును లెక్కలోంచి తీసేయాలి. గేటు పోతే దానికి ఆనుకున్న బ్లాకును మూసేయాలి. అప్పటికే టికెట్లు అమ్ముడుపోయి ఉంటే ఏం చేయాలన్న ప్లాన్ ముందే కాగితం మీద ఉండాలి. స్థానిక కౌన్సిల్ ఇచ్చే సేఫ్టీ సర్టిఫికెట్‌లో ఉన్న అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. ఆ రోజుకు సరైన అంకె దానికన్నా తక్కువ ఉండొచ్చు.

అపోహ: చిన్న క్లబ్బు, కొద్దిమంది జనం. ప్రమాదం ఏముంటుంది?

1985 మే 11. మూడో డివిజన్ మ్యాచ్. బ్రాడ్‌ఫర్డ్ సిటీకి లింకన్ సిటీతో ఆట. బ్రాడ్‌ఫర్డ్ అప్పటికే ఆ డివిజన్ గెలిచింది, కప్పు చేతికొచ్చిన రోజు, ఊరంతా పండగలా ఉంది. చెక్క స్టాండ్ కింద ఏళ్లుగా పేరుకున్న చెత్తకు నిప్పంటుకుంది. నాలుగు నిమిషాల్లోపే స్టాండ్ మొత్తం మంటల్లో ఉంది. 56 మంది చనిపోయారు. వెనక్కి, తాము వచ్చిన టర్న్‌స్టైల్స్ వైపు పరుగెత్తినవాళ్లకు అక్కడ తాళాలు ఎదురయ్యాయి. ముందుకు, పిచ్ మీదికి దూకిన వేలమంది బతికారు, ఎందుకంటే ఆ స్టాండ్ ముందు ఇనుప కంచె లేదు. ఆ తర్వాతే 1987లో చట్టం మార్చి, 500 మంది లేదా అంతకు మించి పట్టే పైకప్పున్న స్టాండ్లను కూడా స్థానిక కౌన్సిల్ సర్టిఫికెట్ కిందికి తెచ్చారు.

మనిషి ప్రమాదంలో తను వచ్చిన దారినే వెతుక్కుంటాడు. సొంతూరి అభిమానికి కనీసం ఇంకో దారి తెలిసి ఉంటుంది. బయటి ఊరి నుంచి వచ్చినవాడికి తెలిసింది ఒక్కటే దారి. అందుకే అవే ఎండ్‌లో గేటు దగ్గరి స్టీవర్డ్‌కు నేను గట్టిగా చెప్పేది ఒకటే: ఆట చూడొద్దు, గేటు వదలొద్దు, గేటుకు తాళం ఉండకూడదు. టికెట్ లేనివాళ్లు దూరతారని ఎవరో గొలుసు చుట్టేస్తే, అది కనబడిన క్షణంలో తీయించాలి. ఇందులో బేరం లేదు.

అపోహ: ఆలస్యంగా, తాగి వచ్చేవాళ్ల వల్లే తొక్కిసలాటలు

ఇది అపోహ మాత్రమే కాదు, చనిపోయినవాళ్ల మీద వేసిన నింద కూడా. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య ఎఫ్‌ఏ కప్ (పెద్దా చిన్నా క్లబ్బులన్నీ ఆడే నాకౌట్ పోటీ) సెమీఫైనల్. తటస్థ వేదిక కాబట్టి ఆ రోజు గ్రౌండ్‌లో రెండు వైపులవాళ్లూ అతిథులే. లివర్‌పూల్ అభిమానుల్లో నిలబడి చూసే టికెట్లున్న 10,100 మందికి పెట్టినవి ఏడు టర్న్‌స్టైల్స్. ఇప్పటి గ్రీన్ గైడ్ అంకెతో లెక్క కట్టినా, అందరూ లోపలికి రావడానికి రెండు గంటల పైనే పడుతుంది. బయట ఊపిరాడని స్థితి వచ్చింది. 2:52కు పెద్ద గేటు తెరిచారు. లోపలికొచ్చినవాళ్లకు ఎదురుగా కనబడింది ఒక సొరంగం. అది తీసుకెళ్లింది కంచెలతో విడదీసిన టెర్రస్‌లో అప్పటికే నిండిపోయిన మధ్య అరల్లోకి. పక్క అరల్లో ఖాళీ ఉంది. అటు వెళ్లమని చెప్పే మనిషి లేడు, కంటికానే బోర్డు లేదు. కిక్-ఆఫ్ వాయిదా వేయలేదు. 97 మంది ప్రాణాలు పోయాయి. 2016లో విచారణ జ్యూరీ తేల్చి చెప్పింది: అభిమానుల ప్రవర్తన అందుకు కారణం కాదు.

ఆ రోజు నుంచి మా రంగం నేర్చుకున్నవి కింది లీగులకు అచ్చంగా వర్తిస్తాయి. మొత్తం కెపాసిటీ దాటలేదన్న మాట సరిపోదు, ఏ అరలో ఎంతమంది ఉన్నారన్నది ముఖ్యం. మా టెర్రస్‌లలో కూడా వచ్చినవాళ్లు గోల్ వెనక మధ్యలో, మెట్ల దారి ముగిసే చోటే ఆగిపోతారు. చివర్లు ఖాళీగా ఉంటాయి. టర్న్‌స్టైల్ అంకె చూసి కంట్రోల్ రూంలో ధీమాగా కూర్చుంటే కుదరదు. మెట్ల తల దగ్గర ఇద్దరు నిలబడి, 'ఎడమ వైపు ఖాళీ ఉంది, అటు వెళ్లండి' అని మర్యాదగా చెబుతూనే ఉండాలి.

అవే అభిమానులను తెచ్చే కోచ్‌లు (బస్సులు) మోటార్‌వేలో ఇరుక్కుంటే కిక్-ఆఫ్‌ను 15 నిమిషాలు వెనక్కి జరపడం బలహీనత కాదు. రిఫరీతో, పోలీసులతో మాట్లాడి, బయట క్యూలో ఉన్నవాళ్లకు వెంటనే మైకులో చెప్పాలి. ఆట మొదలైపోతోందన్న టెన్షన్ తగ్గగానే తోపులాట తగ్గుతుంది. లోపల మాత్రమే ప్రకటించి బయట చెప్పకపోతే ఆ వాయిదా వల్ల ఉపయోగం లేదు.

అపోహ: అవే అభిమానులంటే గొడవే, పోలీసులు ఎంతమంది ఉంటే అంత మంచిది

కింది లీగుల్లో గ్రౌండ్ లోపల పోలీసులే లేకుండా జరిగే మ్యాచ్‌లు మామూలు విషయం. పాత గొడవలు, ప్రయాణ సమాచారం చూసి ఆ మ్యాచ్‌లో ఎంత ప్రమాదముందో ముందే కేటగిరీ వేస్తారు. లోపల పోలీసులను పెడితే ఆ ఖర్చు క్లబ్బుదే. క్లబ్బు సొంతం కాని, దాని అదుపులో లేని వీధుల్లో బందోబస్తుకు మాత్రం క్లబ్బు నుంచి డబ్బు వసూలు చేయకూడదని 2013లో లీడ్స్ యునైటెడ్ కేసులో అప్పీల్ కోర్టు చెప్పింది.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, గుంపును గుంపుగా అనుమానించడం పని చేయదు. క్లిఫర్డ్ స్టాట్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఏళ్లుగా చెబుతున్నది ఇదే. 2004లో పోర్చుగల్‌లో జరిగిన యూరో టోర్నీలో, ఆట జరిగిన నగరాల్లో పోలీసులు మామూలు యూనిఫాంలో కలివిడిగా తిరుగుతూ తప్పు చేసినవాణ్ణే పట్టుకున్న చోట ఇంగ్లండ్ అభిమానులతో పెద్ద సమస్య రాలేదు. ఆ పద్ధతి పాటించని అల్బుఫేరాలో అల్లర్లు జరిగాయి.

మా స్థాయిలో దీన్ని అమలు చేయడం కష్టమేమీ కాదు. మ్యాచ్‌కు ముందు అవతలి క్లబ్బు సపోర్టర్ లైజాన్ ఆఫీసర్‌కు, అంటే క్లబ్బుకూ అభిమానులకూ మధ్య వారధిగా ఉండే మనిషికి, ఫోన్ చేస్తాం. ఎన్ని కోచ్‌లు వస్తున్నాయి, ఎంతమంది రైల్లో వస్తున్నారు, వీల్‌చైర్లు ఎన్ని, డ్రమ్ తెస్తారా, పెద్ద బ్యానర్ ఉందా. మనం చెప్పాల్సినవి చెబుతాం: కోచ్ ఎక్కడ ఆగాలి, ఏ గేటు, ఎంత సైజు బ్యాగు వరకు అనుమతి. వీలైతే వాళ్ల సొంత స్టీవర్డ్‌లను కొంతమందిని వెంట పంపమని అడుగుతాం. తెలిసిన ముఖం చెప్పిన మాటకు ఉండే విలువ మా పసుపు కోటుకు ఉండదు. డ్రమ్‌కు ముందే ఒప్పుకుని, గేటు దగ్గర తెలియని స్టీవర్డ్ లాక్కుంటే చాలు, ఆ మధ్యాహ్నమంతా పాడవుతుంది. కాబట్టి ఒప్పుకున్నది గేటు స్టీవర్డ్‌దాకా చేరిందా లేదా అన్నది నేను స్వయంగా చూసుకుంటాను.

అపోహ: వాళ్లకు టికెట్లు తగ్గిస్తే తలనొప్పి తగ్గుతుంది

ప్రీమియర్ లీగ్ కింది మూడు స్థాయిలను నడిపే ఈఎఫ్‌ఎల్ నిబంధనల ప్రకారం అవే జట్టుకు 2,000 టికెట్లు, గ్రౌండ్ 20,000 కన్నా చిన్నదైతే కెపాసిటీలో 10 శాతం ఇవ్వాలి. ఎఫ్‌ఏ కప్‌లో 15 శాతం. ఈ తేడా వల్లే కప్ డ్రాలో పెద్ద జట్టు తగిలినప్పుడు చిన్న క్లబ్బు ఇబ్బందిలో పడుతుంది. మామూలుగా వాడే అవే మూల చాలదు.

టికెట్ దొరకనివాడు ఇంట్లో కూర్చోడు. స్నేహితుడి ద్వారా హోం స్టాండ్‌లో టికెట్ కొంటాడు. అప్పుడు ఒక గోల్ పడగానే హోం అభిమానుల మధ్యలో పదిమంది ఎగిరి గంతేస్తారు. ఇదే అసలైన ప్రమాదం, ఎందుకంటే అక్కడ గీత లేదు, నెట్ లేదు, స్టీవర్డ్‌లు తక్కువ. నా అభిప్రాయంలో, నిబంధన అడిగిన దానికన్నా నాలుగు టికెట్లు ఎక్కువిచ్చి అందరినీ ఒకచోట ఉంచడమే మేలు. రెండు వైపులవాళ్లను విడదీయడానికి మధ్యలో నెట్ కప్పి వదిలేసే సీట్ల వల్ల ఆదాయం పోతుందని కమిటీలు బాధపడతాయి. పోనివ్వండి.

అలాగని విడదీయడం ప్రతిచోటా అవసరం కాదు. నేషనల్ లీగ్ కిందికి దిగితే, సగం ఆట కాగానే రెండు జట్ల అభిమానులూ ఒకరి పక్క నుంచి ఒకరు నడుస్తూ గోల్ వెనక చోట్లు మార్చుకుంటారు. ఎంత చూసినా తనివి తీరని ఆచారం అది. అనవసరంగా అక్కడ కంచె వేస్తే లేని శత్రుత్వం పుడుతుంది.

అపోహ: మద్యం మీద నిషేధం ఉంటే జనం అదుపులో ఉంటారు

1985 నాటి చట్టం వల్ల పై ఐదు స్థాయిల్లో పిచ్ కనబడే చోట తాగకూడదు. ఫలితంగా సగం ఆట విరామంలోని 15 నిమిషాల్లో అందరూ స్టాండ్ కింది ఇరుకు దారిలోకి దిగి గబగబా తాగుతారు. అవే ఎండ్‌లో ఒకటే కౌంటర్, పక్కనే టాయిలెట్, ఒకటే మెట్ల దారి. మ్యాచ్ మొత్తంలో నేను ఎక్కువగా గమనించేది ఆ పావుగంటనే. 2021లో అప్పటి ఎంపీ ట్రేసీ క్రౌచ్ నేతృత్వంలో ఫుట్‌బాల్‌పై జరిగిన సమీక్ష, లీగ్ టూ, నేషనల్ లీగ్‌లలో ఈ నిబంధన సడలించి ప్రయోగాత్మకంగా చూడమని సూచించింది. అది చేయాలనే నేనూ అంటాను.

అపోహ: నిలబడి చూడటమే ప్రమాదం

బ్యారియర్లు గట్టిగా ఉండి లెక్క సరిగా ఉంటే కాదు. లీగ్ వన్, లీగ్ టూల్లో టెర్రస్‌లు నేటికీ చట్టబద్ధమే. పై రెండు స్థాయిల్లో కూడా 2022-23 సీజన్ నుంచి లైసెన్సుతో అనుమతిస్తున్నారు. ముందు వరుస సీటు వీపు మోకాళ్ల ఎత్తుకు తగిలే చోట, సీట్ల మధ్య నిలబడటమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. గోల్ పడితే ముందుకు తూలతారు.

అపోహ: మ్యాచ్ అయ్యాక అవే అభిమానులను లోపలే ఆపేస్తే అందరికీ క్షేమం

ఓడిపోయి, తడిసి, ఆఖరి రైలు కోసం గడియారం చూసుకుంటున్న జనాన్ని మూసిన గేటు ముందు నిలబెట్టడమంటే మన చేతులతో మనమే తోపులాటను తయారు చేసుకోవడం. వెనకున్నవాళ్లకు గేటు మూసి ఉందని తెలియదు, ముందుకు నడుస్తూనే ఉంటారు. తప్పనిసరి అయితే ఆ సంగతి టికెట్ అమ్మేటప్పుడే చెప్పాలి. ఎంతసేపో, ఎందుకో చెప్పాలి. టాయిలెట్లు, కౌంటర్ తెరిచి ఉంచాలి. పిల్లలతో వచ్చినవాళ్లను, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లను ముందే పంపేయాలి. జనాన్ని గేటు దగ్గర కాకుండా సీట్లలోనే ఆపాలి. ఇవన్నీ చేసే మనుషులు లేని క్లబ్బు ఆ ఆలోచన మానుకుని, హోం అభిమానుల్ని ఇంకో వీధి వైపు మళ్లించి, అవే కోచ్‌లను గేటుకు వీలైనంత దగ్గరికి తెచ్చి నిలబెట్టుకోవాలి.