ఆఫీసు బయట సాఫ్ట్‌ఫోన్ రిజిస్టర్ కాకపోతే: అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో రవాణా కార్యాలయాలకు, గుంటూరులో మిర్చి కమీషన్ దుకాణాలకు ఫోన్ ఎక్స్ఛేంజీలు అమర్చి చూసుకోవడం నా పని. ఆఫీసులో చక్కగా మోగిన సాఫ్ట్‌ఫోన్ (మొబైల్‌లోనో కంప్యూటర్‌లోనో ఆఫీసు ఫోన్‌లా పనిచేసే యాప్) ఇంటికి వెళ్ళగానే ‘రిజిస్టర్ కాలేదు’ అంటుంది, అంటే ఆఫీసు ఫోన్ సర్వర్‌తో కలవలేదని. అక్కడి నుంచే అపోహలు మొదలవుతాయి.

అపోహ: రిజిస్టర్ కాలేదంటే పాస్‌వర్డ్ తప్పు.

వాస్తవం: పొద్దున ఆఫీసులో పనిచేసిన పాస్‌వర్డ్ సాయంత్రానికి దానంతట అది మారిపోదు. యాప్‌లో లాగ్ తెరిచి ఏ సంఖ్య వచ్చిందో చూడండి. 401 ఒక్కసారి కనిపిస్తే కంగారు అక్కర్లేదు. సిప్ అనే, ఇంటర్నెట్ మీద ఫోన్ కాల్స్ కలిపే పద్ధతిలో సర్వర్ ముందు 401తో ‘నువ్వెవరో రుజువు చేసుకో’ అంటుంది, ఫోన్ పాస్‌వర్డ్‌తో లెక్కగట్టిన జవాబు పంపుతుంది, అది సరిపోతే 200, అంటే ‘సరే’, వస్తుంది. 401 మళ్ళీ మళ్ళీ వస్తుంటేనే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సరిచూడాలి. 403 వస్తే వాటితో పాటు, ఆ ఎక్స్‌టెన్షన్‌కు (ఆఫీసు లోపలి ఫోన్ నంబరుకు) బయటి నుంచి అనుమతి ఉందో లేదో కూడా చూడాలి. 408 వచ్చినా, ఏ జవాబూ రాకుండా గడువు ముగిసినా, చాలావరకు మీ మాట సర్వర్ దాకా చేరనట్టే. అలాంటప్పుడు పాస్‌వర్డ్ మళ్ళీ మళ్ళీ కొట్టడం దండగ. అసలు ఊరికే కొట్టి చూడటమే ప్రమాదం. ఫెయిల్‌టుబ్యాన్ వంటి కాపలా ప్రోగ్రామ్ ఉన్న సర్వర్ వరుస తప్పులు చూసి మీ ఐపీని (ఇంటర్నెట్‌లో మీ చిరునామాను) కొంతసేపు అడ్డుకుంటుంది. ఆ తర్వాత సరైన పాస్‌వర్డ్‌కూ జవాబు రాదు.

అపోహ: వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వేసిన రహస్య దారి) కలిసిందంటే ఆఫీసులో కూర్చున్నట్టే.

వాస్తవం: మిర్చి యార్డు దగ్గరి ఒక దుకాణం గుమాస్తాగారు బ్రాడీపేటలోని ఇంటి నుంచి ఫోన్ చేశారు. వీపీఎన్ పచ్చగా వెలుగుతోంది, సాఫ్ట్‌ఫోన్ మాత్రం కలవదు. సర్వర్ చిరునామా 192.168.1.50. ఇంటి రౌటర్ కూడా 192.168.1 వరుసలోనే చిరునామాలు పంచుతోంది. అందుకని ఫోన్ ఆ సర్వర్‌ను ఇంట్లోనే వెతుకుతోంది, వీపీఎన్ వైపు చూడటమే లేదు. ఇంటి రౌటర్ వరుసను 192.168.77కి మార్చగానే ఎక్స్‌టెన్షన్ రిజిస్టర్ అయింది. వీపీఎన్ లేనివారికైతే 192.168తో మొదలయ్యే చిరునామా ఆఫీసు గోడ దాటి ఎక్కడా పనిచేయదు. సర్వర్‌కు బయటి పేరో, బయటి ఐపీనో ఇవ్వాల్సిందే.

తప్పు ఏ వైపుందో తేల్చడానికి నేను మొదట చేయించే పని ఒకటే. వైఫై ఆపి మొబైల్ డేటా మీద ప్రయత్నించమంటాను. అలా కలిస్తే లోపం దాదాపుగా ఇంటి రౌటర్‌లోనో, ఇంటి ఇంటర్నెట్‌లోనో ఉన్నట్టు. రెండింటి మీదా కలవకపోతే ముందు యాప్‌లోని సర్వర్ చిరునామా, ఆ తర్వాత ఆఫీసు ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చేవాటిని వడపోసే కాపలా) చూడాలి.

అపోహ: రౌటర్‌లో ‘సిప్ ఏఎల్‌జీ’ ఉంటే ఫోన్లకు మేలు.

వాస్తవం: సిప్ సందేశాలను రౌటర్ దాటించడానికి పెట్టిన సౌకర్యం అది. కానీ చాలా రౌటర్లలో అది సందేశంలోని చిరునామాలను తప్పుగా తిరగరాస్తుంది. ఆపేయండి.

అపోహ: రిజిస్టర్ అయితే పని పూర్తయినట్టే.

వాస్తవం: రిజిస్ట్రేషన్ సాధారణంగా 5060 పోర్టు (సర్వర్‌లో నంబరు వేసిన ద్వారం లాంటిది) మీద నడుస్తుంది. మాట వేరే పోర్టుల మీద వెళ్తుంది. ఆస్టెరిస్క్ అనే ఫోన్ ఎక్స్ఛేంజీ సాఫ్ట్‌వేర్ నమూనా అమరికలో అవి 10000 నుంచి 20000 వరకు. ఆ దారి మూసి ఉన్నా, సర్వర్ తన లోపలి ఐపీనే అవతలికి చెబుతున్నా, గంట మోగుతుంది కానీ ఒకరి గొంతు ఒకరికి వినపడదు. కాసేపు ఊరుకుంటే కాల్స్ రావడం ఆగిపోతోందా? రౌటర్ తాను తెరిచిన దారిని మూసేస్తోందన్నమాట. యాప్‌లో కీప్‌అలైవ్ (దారి మూసుకోకుండా అప్పుడప్పుడు చిన్న సందేశం పంపే అమరిక) పెట్టి, రిజిస్ట్రేషన్ గడువును 3600 సెకన్ల నుంచి బాగా తగ్గించండి.

అపోహ: 5060ను అందరికీ తెరిచేస్తే గొడవ వదిలిపోతుంది.

వాస్తవం: ఈ పని చేయమని యజమానులు అడిగినా నేను చేయను. తెరిచిన సర్వర్ కోసం ఇంటర్నెట్‌లో రాత్రింబవళ్ళు వెతికే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. బలహీనమైన పాస్‌వర్డ్ దొరికితే విదేశాలకు కాల్స్ వెళ్తాయి, బిల్లు దుకాణం మీద పడుతుంది. వీపీఎన్ పెట్టండి. కుదరకపోతే 5061 మీద టీఎల్ఎస్ (సందేశాలను ఇతరులు చదవలేకుండా పంపే పద్ధతి), ప్రతి ఎక్స్‌టెన్షన్‌కూ పొడవైన పాస్‌వర్డ్ ఉండాలి. ఇప్పటికే తెరిచి ఉంచినవారు ముందు విదేశీ కాల్స్ ఆపించి, ఆ తర్వాత పోర్టు సంగతి చూడండి.